వెన్ను సర్దితే పిల్లాడు పొడుగవుతాడా?

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు. పోయిన జూన్‌లో 114 సెంటీమీటర్లు, ఈ జూన్‌లో 119. వాళ్ల నాన్న 165, నేను 150. క్లాసులో వీడే పొట్టి. విశాఖలో ఒకచోట కైరోప్రాక్టిక్‌తో (చేతులతో నొక్కి వెన్ను, కీళ్లు సర్దే పద్ధతి) వెన్ను సర్దితే ఎదుగుతాడని 12 సిట్టింగులు చెప్పారు. మొదటిరోజే సెంటీమీటరు పెరిగాడని కొలిచి చూపించారు. మిగతావి చేయించమంటారా?
– ఒక తల్లి, బొబ్బిలి

జవాబు: వద్దమ్మా. ఆ సెంటీమీటరు ఎముక పెరిగి వచ్చింది కాదు. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు పగలంతా ఒంటి బరువుకి అణిగి, పడుకుంటే మళ్లీ ఉబ్బుతాయి. పొద్దున్నకీ సాయంత్రానికీ సెంటీమీటరు దాకా తేడా ఏ పిల్లాడికైనా ఉంటుంది. బల్ల మీద కాసేపు పడుకోబెట్టి లేపినా కొంత తేడా వస్తుంది, రాత్రికి పోతుంది.

అసలు ఎదుగుదల ఎముకల చివర ఉండే గ్రోత్ ప్లేట్లలో జరుగుతుంది. దాన్ని నడిపేవి తిండి, నిద్ర, హార్మోన్లు, వంశం. వెన్ను నొక్కినా విరిచినా అది పెరగదు. 1895లో అమెరికాలో పుట్టిన ఈ పద్ధతి పిల్లల ఎత్తు పెంచుతుందనడానికి నమ్మదగ్గ రుజువు లేదు.

మీ లెక్కే చూడండి. ఈ వయసులో ఏడాదికి 5 సెంటీమీటర్లు మంచి వేగమే. మగపిల్లాడికైతే తల్లిదండ్రుల ఎత్తులు కలిపి, 13 చేర్చి, సగం చెయ్యాలి: 165, 150, 13 కలిపితే 328, సగం 164. పెద్దయ్యాక ఆ చుట్టుపక్కల ఉంటాడు. ఇంట్లో పొట్టివాళ్లయితే క్లాసులో పొట్టిగా ఉండటం జబ్బు కాదు.

మూడు నెలలకోసారి పొద్దున్నే, ఒకే గోడకి కొలవండి. చెప్పులు ఉండకూడదు. మడమలు, పిర్రలు, భుజాలు గోడకి ఆనాలి, చూపు తిన్నగా ఉండాలి. నెత్తి మీద గట్టి అట్ట పుస్తకం మట్టంగా పెట్టి, దాని అంచు గోడకి ఆనించి, అడుగున గీత గీయండి. పుస్తకం వాలితే కొలత తప్పుతుంది, చాలామంది దగ్గర జరిగేది అదే. ఏడాదికి 4 సెంటీమీటర్ల కన్నా తక్కువ పెరిగితే పిల్లల డాక్టరుకి చూపించండి. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు, ఎముకలు ఎంత వయసుకి తగ్గట్టు ఎదిగాయో చూడటానికి ఎడమచేతి ఎక్స్‌రే రాస్తారు. 12 సిట్టింగుల డబ్బు గుడ్లకీ పాలకీ పప్పుకీ పెట్టండి. చోడి (రాగి) అంబలి మానిపించకండి: 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది.

ప్రశ్న: మూడునెలల మనవరాలు తల ఎప్పుడూ కుడివైపే తిప్పుతోంది. మెడ సర్దించమని ఇరుగుపొరుగు అంటున్నారు.
– ఒక అమ్మమ్మ, పలాస

జవాబు: పసిగుడ్డు మెడని ఎవరి చేతా విరిపించకండి. మెడ పక్క కండరం బిగుసుకుంటే ఇలా అవుతుంది. ఈ వారంలోనే పిల్లల డాక్టరుకి చూపించండి. తుంటి కీళ్లు కూడా చూడమనండి, కొందరిలో మెడ బిగుసుకోవడంతో పాటు తుంటి లోపం కూడా ఉంటుంది. మెడ కండరమే కారణమైతే ఫిజియోథెరపిస్టు మెల్లగా సాగదీసే వ్యాయామం నేర్పుతారు. ముందే మొదలుపెడితే చాలామందికి ఏడాదిలోపు సర్దుకుంటుంది. ఈలోగా పాలు పట్టేటప్పుడూ గిలక చూపేటప్పుడూ ఎడమవైపు నుంచి పిలవండి. మెలకువగా ఉన్నప్పుడు, మీరు పక్కనే ఉండి, రోజుకు మూడు నాలుగుసార్లు కాసేపు బోర్లా పడుకోబెట్టండి. జ్వరంతో మెడ బిగిసినా, పాలు తాగకపోయినా ఆరోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.