గురువు కంటే ముందు తోటివాళ్లు కావాలి

ప్రశ్న: మా అమ్మాయి మెకానికల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్మే ఆడవాళ్ల కోసం, ఐస్ త్వరగా కరగని చవకైన పెట్టె తయారు చేస్తానంటోంది. ఉద్యోగం వద్దంటోంది. దారి చూపించే మంచి గురువు ఎవరైనా ఉన్నారా?
- ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, మీ టెన్షన్ అర్థమైంది. కానీ అమ్మాయికి ముందు కావలసింది గురువు కాదు, ఇలాంటి పనిలో దిగిన నలుగురైదుగురు తోటివాళ్లు. నేను చూసినంతలో ఈ పిల్లలు డబ్బు చాలక ఎంత ఆగిపోతారో, ఒంటరితనంతోనూ అంతే ఆగిపోతారు. స్నేహితులంతా జీతాల గురించి మాట్లాడుకుంటుంటే, ఐస్ మధ్యాహ్నానికే ఎందుకు నీళ్లైపోయిందో తను ఎవరితో చెప్పుకుంటుంది?

ఆంధ్రా యూనివర్సిటీలో ఇంక్యుబేషన్ కేంద్రం, అంటే కొత్తగా సంస్థలు మొదలుపెట్టేవాళ్లకు సాయపడే చోటు, ఉంది. అక్కడికి వెళ్లి, అక్కడికొచ్చే వాళ్లతో పరిచయం చేసుకోమనండి. వాళ్లు పనిచేసేది ఊళ్లో పోగయ్యే చెత్త మీదైనా, తాగునీటి మీదైనా పర్లేదు. నెలకోసారి కూర్చుని ఎవరెక్కడ ఇరుక్కుపోయారో దాచకుండా చెప్పుకోవాలి. గొప్పలు చెప్పుకునే మీటింగులైతే మానేయమనండి. జాగృతి యాత్ర గురించి కూడా తెలుసుకోమనండి. సొంతంగా ఏదైనా మొదలుపెట్టాలనుకునే యువత కోసం దేశమంతా తిప్పే రైలు ప్రయాణం అది; 15 రోజులు, సుమారు 8,000 కిలోమీటర్లు. అందులో దొరికే తోటి ప్రయాణికులే అసలు లాభం.

ఇక మార్గదర్శనం. వారం వారం ఒకే పెద్దమనిషి దగ్గర హాజరు వేయించుకునే ప్రోగ్రాం ఈ పనికి నప్పదు. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. హార్బర్‌లో సరుకు పలచబడుతుంది, పెట్టెను సరిగ్గా పరీక్షించడం కుదరదు. ఆ రోజుల్లో డిజైన్ మార్చుకోవాలి, లెక్కలు సరిచూసుకోవాలి. అప్పుడు కావలసిన సలహా వేరు, వేట మొదలయ్యాక కావలసింది వేరు. చేప నిల్వ గురించి మన విశాఖలోనే ఉన్న సిఫ్ట్, అంటే కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ, పరిశోధన కేంద్రంలో అడగాలి. పెట్టె ఎంత బరువుంటే నెత్తిన మోయగలరో, ఎంత ధరైతే కొంటారో చేపలమ్మే అక్కలనే అడగాలి. వాళ్లనూ గురువులుగానే చూడమనండి.

సంస్థ రిజిస్ట్రేషన్‌కు ఇప్పుడే తొందరపడొద్దు.

ఉద్యోగం మాటకొస్తే, ఇల్లు గడవడానికి ఆమె జీతం అవసరం లేకపోతే ఒక ఏడాది ఇవ్వండి. అవసరమైతే ఉద్యోగంలో చేరి, సెలవు రోజుల్లో హార్బర్‌కు వెళ్లమనండి. అందులో చిన్నతనమేమీ లేదు. ఏడాది తర్వాత బహుమతులు లెక్కపెట్టకండి, సొంత డబ్బుతో పెట్టె కొన్నవాళ్లెందరో అడగండి. ఒక్కరూ లేకపోతే ఉద్యోగాలకు అప్లై చేయమని అప్పుడు ధైర్యంగా చెప్పండి.