‘పెట్టుబడిదారి’యా, ‘పెట్టుబడిదారీ’యా? ‘మితవాది’ ఎవరు?

సందేహం: పెట్టుబడిదారీ వ్యవస్థ నీతిని గురించి ఒక వ్యాసం రాస్తున్నాను. అందులో ఈ వాక్యాలున్నాయి: ‘పెట్టుబడిదారి వాదం అవినీతితో కూడుకున్నది. స్వార్థం దాని పునాది, దోపిడీ దాని పద్ధతి. మితవాదులు దాన్ని సమర్థిస్తారు, ఉదారవాదులు వ్యతిరేకిస్తారు.’ చదివినవాళ్లలో ఒకరు లంచాల గురించి రాశాననుకున్నారు. ఇంకొకరు ‘ఉదారవాదులు ఎప్పుడు వ్యతిరేకించారు?’ అని అడిగారు. ‘దారి’ అనాలా, ‘దారీ’ అనాలా? మిగతా మాటల్లో ఏం సరిదిద్దాలి? మార్కెట్ ఉండాలి గాని చదువు, వైద్యం ప్రభుత్వమే చూడాలి అనుకునే నాలాంటివాళ్లను తెలుగులో ఏమంటారు? – ఒక పాఠకురాలు

సమాధానం: ముందు అక్షరం సంగతి తేల్చేద్దాం. ‘పెట్టుబడిదారీ’ అని దీర్ఘంతోనే రాయాలి. పెట్టుబడి అచ్చమైన తెలుగు మాట. రాబడి, దిగుబడి, సాగుబడి, పలుకుబడి వరసలోది. ‘దారు’ పారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన ప్రత్యయం. కలిగినవాడని దాని అర్థం. జమీందారు, వాటాదారు, ఖాతాదారు అలా పుట్టినవే. జమీందారుకు సంబంధించింది జమీందారీ అయినట్టే, పెట్టుబడిదారుకు సంబంధించింది పెట్టుబడిదారీ అవుతుంది. ఆ సంబంధాన్ని చెప్పేది చివరి దీర్ఘమే. దాన్ని తీసేస్తే మిగిలేది మనం నడిచే దారి. మనిషిని చెప్పాలంటే పెట్టుబడిదారు, పలువురైతే పెట్టుబడిదారులు. ‘పెట్టుబడిదారుడు’ తప్పు కాదు గాని అది మగవాణ్ణే సూచిస్తుంది, ‘దారు’ ఎవరికైనా సరిపోతుంది.

‘దోపిడీ’ది దీనికి తలకిందుల వ్యవహారం. దోచడం నుంచి దోపిడి, తాకడం నుంచి తాకిడి, ఒత్తడం నుంచి ఒత్తిడి. తాకిడీ, ఒత్తిడీ అని ఎవరూ రాయరు. కాబట్టి దోపిడికి కూడా దీర్ఘం అక్కర్లేదు. వాడుకలో దీర్ఘమే పాతుకుపోయింది కనుక దాన్ని తప్పని కొట్టేయను, నేను మాత్రం హ్రస్వమే రాస్తాను.

ఇక అసలు చిక్కు మాటల ఎంపికలో ఉంది. మీ మూడు వాక్యాల్లో దాదాపు ప్రతి నామవాచకమూ వస్తువుకు పేరు పెడుతూనే దాని మీద తీర్పు కూడా చెప్పేస్తోంది. తీర్పు చెప్పే హక్కు మీకుంది, చెప్పండి. కాకపోతే దాన్ని క్రియతోనో విశేషణంతోనో బాహాటంగా చెప్పాలి. పేరులోనే దాచిపెడితే, ఆ పేరును వేరే అర్థంలో వాడే పాఠకుడికి మీరేం చెబుతున్నారో అందదు.

‘పెట్టుబడిదారీ వాదం’ చూడండి. వాదమంటే ఒక నమ్మకం, దాన్ని నిలబెట్టే తర్కం. వ్యవస్థ, విధానం అంటే జరుగుతున్న ఏర్పాటు: ఫ్యాక్టరీ, భూమి, యంత్రాలు ప్రైవేటు యాజమాన్యంలో ఉండటం, కూలికి పనిచేయడం, లాభం కోసం సరుకు తయారవడం. కూలికి వెళ్లే మనిషి ఆ వ్యవస్థలో రోజంతా ఉంటాడు, ఆ వాదాన్ని మాత్రం ఒప్పుకోవాలని లేదు. పెట్టుబడిదారీ వ్యవస్థను ఖండించిన ఫ్రెడరిక్ ఎంగెల్స్ సంగతే తీసుకోండి. మాంచెస్టర్‌లోని పత్తి పరిశ్రమ సంస్థలో భాగస్వామిగా ఉండి, 1869లో వ్యాపారం నుంచి తప్పుకున్నాడు. అక్కడ వచ్చిన డబ్బుతోనే కార్ల్ మార్క్స్ కుటుంబాన్ని ఆదుకున్నాడు. అంటే ఆయన పెట్టుబడిదారు, కానీ పెట్టుబడిదారీవాది కాడు. తెలుగులో ఈ రెండు మాటలూ విడిగా ఉన్నాయి కాబట్టే ఈ సంగతిని ఒక్క వాక్యంలో చెప్పగలిగాం. ‘ఇజం’ కనబడగానే ‘వాదం’ అని తగిలించే అలవాటు వల్ల ఈ సౌకర్యం పోతోంది. మీరు విమర్శిస్తున్నది ఏర్పాటునైతే వ్యవస్థ అనండి, దాని సమర్థకుల తర్కాన్నైతే వాదం అనండి.

‘పెట్టుబడిదారు’ మాటకు ఇంకో ఇబ్బంది ఉంది. పత్రికల వాణిజ్య పేజీలో పెట్టుబడిదారులను ఆహ్వానిస్తారు, ఉద్యమ కరపత్రంలో ఖండిస్తారు. మొదటిచోట ఆ మాటకు డబ్బు పెట్టేవాడని అర్థం, రెండోచోట ఉత్పత్తి సాధనాలున్న వర్గమని. షేర్లు, మ్యూచువల్ ఫండ్లు కొనే చిన్నవాళ్లకు ‘మదుపరి’ అనే మంచి మాట ఉంది, అక్కడ దాన్నే వాడితే ‘పెట్టుబడిదారు’ వర్గానికి మిగులుతుంది. ‘పెట్టుబడి’ది కూడా అదే కథ. పెట్టే చర్యా, పెట్టిన సొమ్మూ రెండూ అదే. లెక్కల సందర్భమైతే సొమ్ముకు ‘మూలధనం’ అనండి, వాణిజ్యశాస్త్ర పుస్తకాలు అలాగే రాస్తున్నాయి.

మొదటి పాఠకుడు లంచాలనుకోవడంలో ఆయన తప్పేమీ లేదు. వినీతి అంటే క్రమశిక్షణ గల నడత, అది లేకపోవడం అవినీతి. ఇవాళ్టి తెలుగులో ఆ మాటకు లంచం, పదవీ దుర్వినియోగం అనే అర్థమే మిగిలింది. చట్టబద్ధంగా, పైసా లంచం లేకుండా నడిచే వ్యాపారం కూడా నీతికి విరుద్ధమని వాదించవచ్చు. మీరు వాదిస్తున్నది అదే. దానికి ‘అవినీతి’ పనికిరాదు.

‘అనైతికం’ దగ్గర పడుతుంది. అయితే అక్కడ ఒక తేడా గమనించాలి. నీతికి విరుద్ధం కావడం వేరు, నీతితో నిమిత్తం లేకపోవడం వేరు. వర్షం అనైతికం కాదు, దానికి నీతితో నిమిత్తం లేదు. మార్కెట్‌ను సమర్థించేవాళ్లలో చాలామంది దాన్ని ఈ రెండో కోవలో పెడతారు: ధర అనేది కొరత ఎక్కడుందో తెలిపే సూచిక, దానికి మంచీ చెడూ అంటగట్టలేం అంటారు. విమర్శకులు ఒప్పుకోరు. వర్షానికి నియమాలను మనుషులు పెట్టలేదు. ఆస్తి హక్కు, ఒప్పందం, కూలి చట్టం మనుషులు పెట్టుకున్నవే, కనుక వాటికి జవాబుదారులున్నారని అంటారు. ఈ వాదమంతా జరగాలంటే రెండు మాటలూ విడిగా కావాలి. ‘అనైతికం’ను మొదటిదానికే ఉంచి, రెండోదానికి ‘నీతినిరపేక్షం’ అనండి. బరువుగా అనిపిస్తే ‘నీతితో నిమిత్తం లేనిది’ అని విప్పి చెప్పండి. ‘నైతిక’ అనే విశేషణంతో కూడా జాగ్రత్త అవసరం. ‘నైతిక ప్రశ్న’ అంటే నీతికి సంబంధించిన ప్రశ్న, ‘నైతిక వ్యాపారం’ అంటే నీతి గల వ్యాపారం. ఒకే రూపం ఒకచోట విషయాన్ని, ఇంకోచోట మెచ్చుకోలును తెలుపుతోంది.

నా మటుకు మనిషి నడతకు నీతి అనీ, ఏర్పాటుకు న్యాయం అనీ వాడతాను. యజమాని ఎంత నీతిపరుడైనా ఏర్పాటు అన్యాయమైనది కావచ్చు, ఏర్పాటు న్యాయమైనదైనా అందులో మోసగాళ్లుండవచ్చు. మీ మొదటి వాక్యానికి కావలసిన మాట ‘అన్యాయం’ అనే నా అభిప్రాయం.

‘స్వార్థం’ పుట్టుకలో స్వ, అర్థం. తన ప్రయోజనం అనే. తెలుగులో మాత్రం అది తిట్టు. ఆర్థికవేత్త ఆడం స్మిత్ 1776 నాటి గ్రంథంలో, మన భోజనం మాంసం అమ్మేవాడి దయ వల్ల కాదు, రొట్టెలు కాల్చేవాడి దయ వల్ల కాదు, వాళ్లు తమ ప్రయోజనం చూసుకోవడం వల్ల వస్తోందన్నాడు. దాన్ని ‘స్వార్థం’ అని తెలుగు చేస్తే స్మిత్ స్వార్థాన్ని పొగిడినట్టవుతుంది. ఆయనే 1759లో నీతి గురించి రాసిన పుస్తకాన్ని, మనిషి ఎంత స్వార్థపరుడనుకున్నా తోటివారి మేలు కోరే గుణం అతనిలో ఉంటుందనే మాటతో మొదలుపెట్టాడు. రెంటికీ ‘స్వార్థం’ అనే వాడితే ఆయనలో లేని వైరుధ్యం తెలుగులో పుట్టుకొస్తుంది. వ్యాపార సందర్భంలో ‘స్వప్రయోజనం’ అనండి, నిందించాలనుకున్నచోట ‘స్వార్థం’ అనండి. ‘లాభాపేక్ష’ను కూడా కొందరు లాభం మీద ఆపేక్ష అని విడదీస్తున్నారు. అది లాభ, అపేక్ష. అపేక్ష అంటే కోరిక. ఆపేక్ష మనం మనుషుల మీద చూపించేది.

ఇక దోపిడి. ఇది ఒకేసారి వీధి మాట, శాస్త్ర పరిభాష. వీధిలో దోపిడి అంటే బలవంతంగా లాక్కోవడం, లేదా అన్యాయమైన ధర. మార్క్స్ పరిభాషలో అలా కాదు. కార్మికుడు రోజుకు 8 గంటలు పనిచేస్తాడనుకుందాం. అతని కూలికి సమానమైన విలువ మొదటి 5 గంటల్లోనే తయారవుతుంది. దాన్ని అవసర శ్రమ అంటారు. మిగతా 3 గంటలది అదనపు శ్రమ, అందులో పుట్టేది అదనపు విలువ, అది యజమానికి చెందుతుంది. మూడును అయిదుతో భాగిస్తే దోపిడి రేటు 60 శాతం. అదే కూలికి పనిని 10 గంటలు చేస్తే అదనపు శ్రమ 5 గంటలై రేటు 100 శాతానికి చేరుతుంది. ఈ లెక్కలో ఎవరూ ఎవరినీ మోసగించలేదు, కూలి మార్కెట్ ధర ప్రకారమే ఇచ్చారు. అయినా దోపిడి ఉంది అనడమే ఆ సిద్ధాంతంలోని ముఖ్యమైన మెలిక.

సిద్ధాంతాన్ని ఒప్పుకోనివాళ్లు ఆ 3 గంటల విలువ నష్టభయాన్ని భరించినందుకు, డబ్బు తిరిగొచ్చేదాకా ఆగినందుకు, పనిని సమకూర్చినందుకు వచ్చే ప్రతిఫలం అంటారు. వాళ్ల చేతిలో మీ వాక్యం పడితే ‘దోపిడి ఎక్కడ? ఒప్పందం ప్రకారమే ఇచ్చారుగా’ అంటారు. మీరు పరిభాషలో రాశారు, వాళ్లు వీధి అర్థంలో చదివారు. అందుకని మొదటిసారి వాడినచోట ‘శ్రమ దోపిడి’ అని రాసి, ఒక వాక్యంలో నిర్వచనం ఇవ్వండి. తక్కువ కూలి, బలవంతపు పని వంటివి చెప్పదలిస్తే వాటిని వాటి పేర్లతోనే చెప్పండి.

‘మితవాది’ సంగతి ఇంకా చిక్కు. కుడి ఎడమల తేడా 1789లో ఫ్రెంచి జాతీయ సభలో పుట్టింది. రాజుకు వీటో అధికారం ఉండాలన్నవాళ్లు అధ్యక్షుడికి కుడివైపున చేరారు, వద్దన్నవాళ్లు ఎడమవైపున. ఎడమకు మనకు ‘వామపక్షం’ అమరింది. కుడికి ‘దక్షిణపక్షం’ అంత బాగా అతకలేదు. తూర్పు ముఖంగా నిలబడితే కుడిచేయి దక్షిణ దిక్కున ఉంటుంది కదా, అందుకే ఒకే మాట రెంటికీ పేరైంది. దక్షిణం అనగానే మనకు దిక్కే తోస్తుంది. ఆ ఖాళీలోకి ‘మితవాదం’ వచ్చి కూర్చుంది. ఆ మాటకు అప్పటికే వేరే పని ఉంది: 1907లో సూరత్ కాంగ్రెస్ చీలినప్పుడు గోఖలే పక్షం మితవాదులు, తిలక్ పక్షం అతివాదులు. అక్కడ తేడా వేగంలో, పద్ధతిలో. కుడి ఎడమల ప్రసక్తి లేదు.

మితం ఒక మోతాదు, కుడి ఒక దిక్కు. రెంటినీ కలిపేయడం వల్ల ‘తీవ్ర మితవాదం’ అనే మాట పత్రికల్లో కనిపిస్తోంది. మితమైనది తీవ్రం ఎలా అవుతుంది? వామపక్షంలోనూ మితవాదులుంటారు, కుడిపక్షంలోనూ తీవ్రులుంటారు. అందుకే దిక్కుకు వామపక్షం, మధ్యేవాదం, కుడిపక్షం అనీ, మోతాదుకు మిత, తీవ్ర అనీ విడివిడిగా వాడమంటాను. ఒక హెచ్చరిక: ‘తీవ్ర వామపక్ష భావాలు’ వేరు, ‘వామపక్ష తీవ్రవాదం’ వేరు. రెండోది ఆయుధం పట్టినవాళ్లకు ప్రభుత్వం వాడే మాట. గట్టిగా మాట్లాడే మనిషిని వామపక్ష తీవ్రవాది అంటే అది అభిప్రాయం కాదు, నేరారోపణ. మాట క్రమం మారితే ఎంత ప్రమాదమో చూడండి.

రెండో పాఠకుడి ప్రశ్న న్యాయమైనదే. ‘ఉదార’ అనగానే మనకు దానశీలం తోస్తుంది. కానీ 19వ శతాబ్దపు యూరప్‌లో ఉదారవాదులు స్వేచ్ఛా వాణిజ్యాన్ని కోరినవాళ్లు, అంటే మార్కెట్‌కు గట్టి మద్దతుదారులు. అమెరికాలో 1930ల నుంచి ఆ మాట, సంక్షేమం కోసం ప్రభుత్వ జోక్యం కోరేవాళ్లకు పేరైంది. మన దగ్గర 1991 ఆర్థిక సంస్కరణలకు ‘సరళీకరణ’ అనే మాట నిలిచింది, వాటి వెనకున్న ఆలోచనను విమర్శించేవాళ్లు ‘నయా ఉదారవాదం’ అంటున్నారు. కాబట్టి విశేషణం లేకుండా ‘ఉదారవాది’ అని రాయకండి. ఆర్థిక ఉదారవాదా, సాంఘిక విషయాల్లో ఉదారవాదా చెప్పండి. ఒకే మనిషి రెండూ కావచ్చు, ఒకటే కావచ్చు.

మీ వాక్యాలను నేనైతే ఇలా రాస్తాను: ‘పెట్టుబడిదారీ వ్యవస్థ అన్యాయమైనది. అక్కడ ఉత్పత్తికి ప్రేరణ స్వప్రయోజనం, లాభానికి మూలం శ్రమ దోపిడి. కుడిపక్షంలో ఎక్కువమంది దాన్ని సమర్థిస్తారు, వామపక్షాలు వ్యతిరేకిస్తాయి, ఉదారవాదుల్లో ఆర్థిక ఉదారవాదులు సమర్థకులే.’ మీ తీర్పు తగ్గలేదు. మొదటి వాక్యంలోనే సూటిగా ఉంది.

మిమ్మల్ని ఏమనాలి? మీరు చెప్పిన అభిప్రాయానికి ‘సోషల్ డెమొక్రాట్’ దగ్గరి మాట. అదీ మారుతూ వచ్చిందే. 1898లో రష్యాలో పుట్టిన విప్లవ పార్టీ పేరులో సోషల్ డెమొక్రటిక్ ఉంది. జర్మనీ సోషల్ డెమొక్రాట్లు 1959లో బాడ్ గోడెస్‌బర్గ్ సభలో మార్కెట్‌ను ఒప్పుకున్నాక ఇప్పటి అర్థం గట్టిపడింది. దీన్ని ‘సామాజిక ప్రజాస్వామ్యవాది’ అని తెలుగు చేయకండి. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ చెప్పిన సామాజిక ప్రజాస్వామ్యం స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం కలిసిన జీవన విధానం. మనకు ఆ మాట వినగానే గుర్తొచ్చేది అదే, అలాగే ఉండనివ్వాలి. ‘సామ్యవాది’ కూడా వద్దు. రాజ్యాంగ ప్రవేశికలో అది సోషలిజానికి నిలబడుతోంది, చాలామంది రాతల్లో కమ్యూనిజానికి కూడా. ‘సోషల్ డెమొక్రాట్‌ని’ అని రాసి, పక్కనే ‘మార్కెట్ ఉండాలి, చదువూ వైద్యమూ ప్రభుత్వమే చూడాలి అనుకునేదాన్ని’ అని మీ మాటల్లోనే చేర్చండి. ప్రశ్నలో మీరు రాసిన ఆ వాక్యం కంటే స్పష్టమైన పేరు నాకు దొరకలేదు.