నాన్న పోయి ఎనిమిది నెలలు.. అమ్మ ఇంకా తేరుకోలేదు. కౌన్సెలింగ్ అవసరమా?

ప్రశ్న: మా నాన్న ఎనిమిది నెలల క్రితం గుండెపోటుతో ఉన్నట్టుండి పోయారు. అమ్మకు 57 ఏళ్లు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతోంది. అప్పటి నుంచి సరిగా తినదు, గడప దాటదు, తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటుంది. సాయంత్రాలు నాన్న స్కూటర్ చప్పుడు వినిపించిందంటుంది. పెద్దకర్మ రోజుల్లో నిద్ర కోసం మొదలుపెట్టిన ఆల్ప్రజోలమ్ 0.5 మి.గ్రా. మాత్ర ఇప్పటికీ రోజూ వేసుకుంటోంది. సంవత్సరీకం అయితే అదే సర్దుకుంటుందని బంధువులు అంటున్నారు. కౌన్సెలింగ్ అంటే పిచ్చి అనుకుంటారని అమ్మ భయం. ఏం చేయమంటారు?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: ముందు ఆ స్కూటర్ సంగతి. అది పిచ్చి కాదు. ఏళ్ల తరబడి రోజూ అదే వేళకు ఆ చప్పుడు కోసం ఎదురుచూసిన చెవి అంత త్వరగా మర్చిపోదు. భర్తనో భార్యనో పోగొట్టుకున్న చాలామందికి ఇలాంటి అనుభవం ఉంటుంది, ఎవరైనా ఏమైనా అనుకుంటారని బయటికి చెప్పుకోరు. ఆమెకు ఈ మాట మీరే చెప్పండి, సగం భయం పోతుంది. వినిపించే గొంతు తిడుతున్నా, ఫలానా పని చేయమని ఆజ్ఞాపిస్తున్నా మాత్రం వెంటనే సైకియాట్రిస్టుకు చూపించాలి.

సంవత్సరీకం దాకా ఆగడం నాకు సమ్మతం కాదు. మామూలు దుఃఖం అలల్లా వస్తుంది. మధ్యలో మనిషి కాస్త తింటుంది, మనవడి మాటకు నవ్వుతుంది. నెలలు గడిచేకొద్దీ ఆ తెరిపి పెరగాలి. ఆరు నెలలు దాటినా రోజులో ఎక్కువ భాగం అదే బెంగ, తిండీ పనీ సాగకపోవడం ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ దాన్ని చికిత్స అవసరమైన దీర్ఘకాలిక దుఃఖంగా లెక్కిస్తుంది, ఆచారాలను కూడా దృష్టిలో పెట్టుకోమంటుంది. అమెరికా వైద్యుల ప్రమాణంలో ఈ గడువు ఏడాది. ఆచారాలనూ చూడాలి కాబట్టి, గడప దాటకపోవడం ఆచారం వల్లా, ఓపిక లేకనా, పేరంటాలకు ఎవరూ పిలవకపోవడం వల్లా అని అమ్మగారినే అడగండి. మూడో కారణమైతే మారాల్సింది ఆమె కాదు, చుట్టూ ఉన్నవాళ్లు.

మాత్ర విషయంలో తొందర వద్దు, నిర్లక్ష్యమూ వద్దు. ఆల్ప్రజోలమ్ దుఃఖాన్ని తగ్గించదు, కొన్ని రాత్రులు మగత ఇస్తుంది, అంతే. ఇన్ని నెలలు వాడాక శరీరం దానికి అలవాటు పడుతుంది. ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, తీవ్రమైన ఆందోళన, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. డాక్టర్ పర్యవేక్షణలో, రెండు వారాలకు నాలుగో వంతుకు మించకుండా, అవసరమైతే ఇంకా నెమ్మదిగా తగ్గించాలి. ఈలోగా పగటి కునుకు అరగంట దాటనివ్వకండి. రాత్రి ఎలా గడిచినా పొద్దున ఒకే వేళకు లేపండి.

హెచ్‌బిఎ1సి (మూడు నెలల సగటు షుగర్), హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), విటమిన్ బి12 పరీక్షలు చేయించండి. బి12 మర్చిపోవద్దు. మెట్‌ఫార్మిన్ ఏళ్లపాటు వాడినవారిలో అది తగ్గే అవకాశం ఉంది, ఆ లోపం కూడా నీరసాన్ని, దిగులును పెంచుతుంది. డిప్రెషన్ ఉందని తేలితే దానికి వేరే మందులున్నాయి. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, బెంగను మాత్రం అవి తీర్చవు.

బెంగకు మాటే మందు. కౌన్సెలింగ్ అంటే ధైర్యం చెప్పడమో నీతులు చెప్పడమో కాదు. దీర్ఘకాలిక దుఃఖానికి రూపొందించిన చికిత్స వారానికోసారి చొప్పున సుమారు 16 సార్లు సాగుతుంది. ఆ రోజు ఏం జరిగిందో అమ్మగారి చేత మళ్లీ మళ్లీ చెప్పిస్తారు. ఆమె తప్పించుకు తిరుగుతున్న చోట్లకు, అది ఆస్పత్రి దారి కావచ్చు, నాన్నగారి బీరువా కావచ్చు, కొద్దికొద్దిగా దగ్గర చేస్తారు. ఆయనతో చెప్పలేకపోయిన మాటలు చెప్పిస్తారు. మొదటి కొన్ని వారాలు ఇంటికొచ్చాక ఏడుపు ఎక్కువవుతుంది. చాలా కుటుంబాలు సరిగ్గా అక్కడే మానిపిస్తాయి. మానిపించకండి. కౌన్సెలింగ్ గదిలో మీరు పక్కన కూర్చుని ఆమె బదులు జవాబులు చెప్పినా పని సాగదు.

ఇంట్లో నాన్నగారి పేరు ఎత్తండి, ఆయనకు ఇష్టమైన కూర చేసుకోండి. ‘జరిగిందేదో జరిగింది, మర్చిపో’ అనే మాట మాత్రం వద్దు. ఆమెను అడక్కుండా ఆయన బట్టలు తీసేయొద్దు. సంవత్సరీకం దగ్గరపడేకొద్దీ దుఃఖం మళ్లీ ఎగదన్నుతుంది. అందుకే కౌన్సెలింగ్ ఈ నెలలోనే మొదలుపెట్టండి.

‘నేనూ ఆయన దగ్గరికే పోతా’ అంటే ‘చనిపోవాలనిపిస్తోందా, ఎలాగని ఆలోచించావా?’ అని సూటిగా అడగండి. అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఉందంటే ఒంటరిగా వదలకండి, మాత్రలు, పురుగుమందు అందకుండా దాచి అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి.

బయటికి రానంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఇంటి నుంచే ఫోన్ చేయవచ్చు. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మొదటిసారి మీరే చేసి పరిస్థితి చెప్పి, తర్వాత ఫోన్ ఆమె చేతికివ్వండి. నాన్నను పోగొట్టుకున్నది మీరు కూడా కదా, మీ గురించీ రెండు మాటలు చెప్పుకోండి.