వంజంగి కొండకి అమ్మని తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: మాస్టారూ, మాది రాజమండ్రి. డిసెంబరులో పాడేరు దగ్గరి వంజంగి కొండకి, తెల్లారి లోయలో మబ్బులు చూడ్డానికి వెళ్దామనుకుంటున్నాం. రాత్రి ఒంటిగంటకి వైజాగ్‌లో కారెక్కితే తెల్లారేసరికి కొండ మీద ఉంటామని మావారు అంటున్నారు. మా అమ్మకి అరవై రెండేళ్లు, మోకాళ్ల నొప్పి. తనూ వస్తానంటోంది. ఎక్కగలదా? అంత కష్టపడి వెళ్లాక మబ్బులు కనిపించకపోతే ఎలా అని ఇంకో టెన్షన్.
— ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీవారి సంగతి తేల్చేద్దాం తల్లీ. ఆ ఒంటిగంట ప్రయాణం వద్దు. వైజాగ్ నుంచి పాడేరు వంద కిలోమీటర్ల పైచిలుకు. చివర్లో ఘాట్ రోడ్డు. డిసెంబరు మంచులో ఒక్కోసారి ముందున్న మలుపే కనపడదు. ముందురోజు సాయంత్రానికే పాడేరు చేరి పడుకోండి. అక్కణ్ణుంచి వంజంగి దగ్గరే. ఆదివారం మాత్రం వద్దు, తిరునాళ్లలా ఉంటుంది.

అమ్మగారు ఎక్కుతారు, తొందరపెట్టకపోతే. చిక్కంతా దిగేటప్పుడే. మంచుకి రాళ్లు జారతాయి, బరువంతా మోకాళ్ల మీదే పడుతుంది. చేతికర్ర ఉండాలి, అడుగున పట్టున్న బూట్లుండాలి. పై దాకా వెళ్లి తీరాలని పంతం పట్టొద్దు. ఎక్కడ ఆయాసం వస్తే అక్కడ కూర్చోబెట్టి, పక్కన మీలో ఒకరు ఉండండి.

ఇక మబ్బులు. రాత్రి ఆకాశం తేటగా ఉండి గాలి ఆడకపోతే నేల చల్లబడుతుంది. చల్లగాలి బరువు కాబట్టి లోయలోకి దిగుతుంది, అందులోని తేమ పొగమంచవుతుంది. పైనుంచి చూసేవాళ్లకి అదే పాలసముద్రం. ఎండెక్కితే కరిగిపోతుంది. కాబట్టి గ్యారంటీ ఏమీ లేదు. నేను మూడుసార్లు వెళితే ఒక్కసారే దొరికింది. ఒకసారైతే మేం నిలబడ్డదే మబ్బులో! పక్కనున్న మా ఆవిడ కూడా కనపడలేదు. టీ అమ్మే ఆమెతో వాపోతే, "మీకు మబ్బు కావాలి బాబూ, మాకు గుడ్డలారవు" అంది.

మబ్బు దొరక్కపోతే కాఫీ తోటల పక్కగా నిదానంగా దిగండి. డిసెంబరులో కాఫీ పళ్లు ఎర్రగా పండి ఉంటాయి. పైన సిల్వర్ ఓక్ నీడ, ఆ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ), అంటే ఈ సరుకు ఈ ప్రాంతానిదే అన్న అధికారిక ముద్ర వచ్చింది. ఆ పేరు వెనకున్నది ఈ కొండల గిరిజన రైతులే. పిల్లలు పళ్లు తుంచకుండా చూడండి, అది వాళ్ల ఏడాది పంట. మీ నీళ్ల సీసాలు, బిస్కట్ కవర్లు మీ సంచిలోనే వెనక్కి రావాలి. అడక్కుండా ఎవరి ఇంటి ముందూ ఫోటోలు తీయొద్దు. అక్కడి స్కూల్లో పనిచేసిన రోజుల్లో ఈ మాట ఊళ్లో చాలామంది నాతో అన్నారు.

తిరుగు దారిలో మాడుగుల హల్వా కొనుక్కోండి. అమ్మగారికి షుగర్ ఉందో లేదో మీరు రాయలేదు.