బద్ధకమా, డిప్రెషనా?

ప్రశ్న: యూనివర్సిటీలో రెండో ఏడాది చదువుతున్నాను. స్కూల్లో ఎప్పుడూ ఫస్ట్ వచ్చేదాన్ని. ఇక్కడ మొదటి ఏడాదే ఒక సబ్జెక్టు పోయింది. రెండు నెలలుగా క్లాసులకు సరిగ్గా వెళ్లడం లేదు. తెల్లవారేదాకా నిద్ర పట్టదు, పగలంతా మంచం మీదే నన్ను నేను తిట్టుకుంటూ ఉంటాను. అసైన్‌మెంట్ అంటేనే గుండె దడ. ఏ పనిమీదా ఇష్టం లేదు. నాన్న ఫోన్ చేస్తే 'బాగానే చదువుతున్నా' అంటున్నాను. రూమ్మేట్ ఇదంతా బద్ధకం అంటోంది. నిజమేనా?

జవాబు: కాదమ్మా. బద్ధకించేవాళ్లకు పని ఎగ్గొడితే హాయిగా ఉంటుంది. మీకు ఆ హాయి ఒక్క గంట కూడా లేదు. దిగులు గానీ, దేనిమీదా ఇష్టం లేకపోవడం గానీ రెండు వారాలకు మించి దాదాపు రోజూ ఉండి, నిద్ర, ఏకాగ్రత దెబ్బతిని, తన మీద తనకే అసహ్యం కలుగుతుంటే డాక్టర్లు డిప్రెషన్‌ను అనుమానిస్తారు. మీకు రెండు నెలలైంది. ఆ గుండె దడ ఆందోళన లక్షణం. ఈ రెండూ చాలామందిలో కలిసే వస్తాయి.

ఈ వయసులో ఇది అరుదు కాదు. 2005లో వెలువడిన అమెరికా జాతీయ సర్వే ప్రకారం, జీవితంలో ఎప్పుడైనా మానసిక సమస్య వచ్చినవారిలో సుమారు ముప్పావు వంతు మందికి అది 24 ఏళ్లలోపే మొదలైంది. యూనివర్సిటీలో చేరగానే నిద్రలేపేవాళ్లు, 'తిన్నావా' అని అడిగేవాళ్లు, పాత స్నేహితులు అందరూ ఒక్కసారే దూరమవుతారు. ఫీజుల టెన్షన్, ఒంటరితనం ఉండనే ఉంటాయి. మీ విషయంలో ఇంకొకటి కనిపిస్తోంది. ఇన్నేళ్లూ 'ఫస్ట్ వచ్చే అమ్మాయి' అన్నదే మీకు మీరు చెప్పుకున్న పరిచయం. ఒక్క సబ్జెక్టు పోయేసరికి మీరే లేకుండా పోయినట్టు అనిపించింది.

ఇప్పుడు ఆ దిగులును, దడను పెంచుతున్నది మాత్రం తప్పించుకోవడం. క్లాసు మానేసిన క్షణం దడ తగ్గుతుంది. 'ఓహో, వెళ్లకపోతే క్షేమం' అని మనసు నేర్చుకుంటుంది. మర్నాడు గడప దాటడం ఇంకా కష్టమవుతుంది. నాన్నతో చెప్పే 'బాగానే ఉన్నా' కూడా అలాంటిదే. ఫోన్ పెట్టేశాక కాసేపు ఊపిరి పీల్చుకుంటారు, మళ్లీ ఫోన్ మోగేసరికి దాచాల్సింది ఇంకాస్త పెరిగి ఉంటుంది.

ఈ వారమే యూనివర్సిటీ కౌన్సెలర్‌నో, సైకియాట్రిస్టునో కలవండి. థైరాయిడ్ లోపం, రక్తహీనత కూడా నీరసాన్ని, దిగులును తెస్తాయి కాబట్టి రక్త పరీక్షల గురించి అడగండి. మందులు రాస్తే భయపడొద్దు. వాటి గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. మీ వయసువారిలో కొందరికి మొదటి వారాల్లో చనిపోవాలన్న ఆలోచనలు పెరగవచ్చు. అలా అనిపిస్తే వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. మీ అంతట మీరు మందులు ఆపొద్దు.

మీరు రాయలేదు గానీ, నేను అడగాలి. చచ్చిపోతే బాగుండునని ఎప్పుడైనా అనిపిస్తోందా? అనిపిస్తుంటే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. ఇప్పుడే రూమ్మేట్‌కి చెప్పండి, ఒంటరిగా ఉండకండి, హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి లేదా ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.

నిద్ర పట్టే సమయం మన చేతిలో ఉండదు, లేచే సమయం ఉంటుంది. రాత్రి ఎలా గడిచినా రోజూ ఒకే సమయానికి లేచి వెలుతురులోకి రండి. మధ్యాహ్నం తర్వాత కాఫీ వద్దు. అన్ని క్లాసులకూ వెళ్తానని ఒట్టు పెట్టుకోకండి. కాస్త తేలికనిపించే ఒక్క క్లాసు ఎంచుకుని, చివరి బెంచీలో పది నిమిషాలు కూర్చుని వచ్చినా చాలు. మూడ్ బాగయ్యాక వెళ్దామనుకుంటే ఆ రోజు రాదు, వెళ్తుంటేనే మూడ్ కొంచెం కొంచెంగా మారుతుంది. అసైన్‌మెంట్ ఇచ్చిన టీచర్‌కు 'ఆరోగ్యం బాగాలేదు, గడువు కావాలి' అని రెండు లైన్లు రాయండి.

ఇక నాన్న. అపాయింట్‌మెంట్ తీసుకున్నాక చెప్పండి. 'నాన్నా, రెండు నెలలుగా నేను బాగాలేను. ఒక సబ్జెక్టు పోయింది, మీకు చెప్పలేకపోయాను. డాక్టర్‌ని కలుస్తున్నాను.' గొంతు పెగలకపోతే మెసేజ్ పెట్టండి. మొదట కోప్పడినా పడతారు, కంగారులో అలా అంటారు. కానీ డాక్టర్ మాట కూడా చెవిన పడితే, తానేం చేయాలో ఆయనకూ ఒక దారి కనిపిస్తుంది.