యెస్‌హైమ్‌లో ఇల్లు తీసుకోమంటారా?

ప్రశ్న: అన్నగారూ, మాది నరసరావుపేట. ఓస్లోలో ఐటీ ఉద్యోగం వచ్చింది. ఆగస్టులో నేను, నా భార్య, రెండేళ్ల పాప వస్తున్నాం. ఓస్లో అద్దెలు చూసి కళ్లు తిరిగాయి. ఉల్లెన్‌సాకెర్‌లో కొత్త ఫ్లాట్లు బోలెడు ఉన్నాయని, ఎయిర్‌పోర్ట్ పక్కనే అని, ఫాస్ట్ ట్రైన్ ఎక్కితే 20 నిమిషాల్లో ఓస్లో అని ఒక ఫ్రెండ్ చెప్పాడు. మీరు అక్కడే ఉంటారట కదా. అక్కడికే వచ్చేయమంటారా?

జవాబు: మీ ఫ్రెండ్ చెప్పిన మూడు ముక్కలూ నిజమే. కాకపోతే మూడూ ఒకే ఇంటికి కలిసిరావు. చిక్కంతా అక్కడే.

ముందు ఊరి సంగతి. ఉల్లెన్‌సాకెర్ ఒక కొమ్యూన్. మన మండలాన్నీ మున్సిపాలిటీనీ కలిపి ఒకే ఆఫీసు కింద పెడితే ఎలా ఉంటుందో అలాంటిది. ఓస్లోకి ఈశాన్యంగా సుమారు 40 కిలోమీటర్లు. ఇందులో పెద్ద ఊరు యెస్‌హైమ్, దాని తర్వాత క్లోఫ్తా. నేను ఇక్కడికి మారిన కొత్తలో మా నాన్న ఫోన్లో పేరు రెండుసార్లు పలికించుకుని, "ఉల్లి పండే ఊరా?" అన్నారు. ఉల్లికీ దీనికీ సంబంధం లేదు. ఉల్ అని పాతకాలపు దేవుడున్నాడు, ఆయన పొలం అని అర్థం. ఉల్లి మాత్రం సూపర్‌మార్కెట్‌లోనే.

1998 అక్టోబర్ 8న ఓస్లో విమానాశ్రయాన్ని ఫోర్నెబు నుంచి ఇక్కడి గార్డెర్మోన్‌కి మార్చారు. అప్పటికి ఈ కొమ్యూన్ జనాభా 20 వేలకు అటూ ఇటూ. ఇప్పుడు 40 వేలు దాటింది. దేశంలో వేగంగా పెరిగిన కొమ్యూన్ల గురించి ఎవరు రాసినా దీని పేరు రాకుండా ఉండదు. యెస్‌హైమ్‌కి 2012లో పట్టణం హోదా ఇచ్చారు. శంషాబాద్ చుట్టూ జరిగిందే, చిన్న సైజులో, చలిలో జరిగిందనుకోండి.

దీనివల్ల మనకి ఒక లాభం ఉంది. మా బిల్డింగ్‌లో సగం మంది నా తర్వాత వచ్చినవాళ్లే. "మీరు ఎక్కడివాళ్లు?" అని మనల్ని అడిగే మనిషి తాను కూడా వేరే ఊరి నుంచి వచ్చినవాడే. నష్టమూ అదే. ఫ్లాట్లు లేచినంత వేగంగా డాక్టర్లు, స్కూలు గదులు రావు. ఫాస్ట్‌లెగె అని ప్రతి మనిషికీ ఒక ఫ్యామిలీ డాక్టర్ ఉంటారు. వచ్చి నేషనల్ ఐడీ నంబర్ చేతికందగానే హెల్సెనోర్గె అనే ప్రభుత్వ ఆరోగ్య సైట్‌లో ఖాళీ ఉన్న డాక్టర్ని చూసుకుని పేరు ఎక్కించండి. జ్వరం వచ్చాక వెతుకుదాంలే అనుకోవద్దు. అర్ధరాత్రి పాపకి బాగోకపోతే 116117కి చేయాలి, ప్రాణం మీదికి వస్తే 113.

ఇప్పుడు ట్రైన్. ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. ఆ 20 నిమిషాల ఫాస్ట్ ట్రైన్ పేరు ఫ్లీటోగె, అది ఎయిర్‌పోర్ట్ స్టేషన్ నుంచి వెళ్తుంది, యెస్‌హైమ్ నుంచి కాదు. యెస్‌హైమ్ ఉన్నది పాత లైన్ మీద. 1854లో వేసిన ఆ లైను నార్వేలో మొట్టమొదటి రైలుమార్గం. వినడానికి గొప్పగా ఉంటుంది గానీ మధ్యలో వచ్చే లిల్లెస్ట్రోమ్ ఊరు దాటాక ఇప్పటికీ సింగిల్ ట్రాకే. ఓస్లోకి సుమారు 40 నిమిషాలు. వేగంగా పోవాలంటే బస్సులో ఎయిర్‌పోర్ట్ వరకు వెళ్లి అక్కడ ఎక్కాలి, బస్సుకి ఒక పావుగంట. పైగా ఓస్లో చుట్టుపక్కల బస్సులు, ట్రామ్‌లు చూసే రూటెర్ సంస్థ నెలవారీ పాస్ ఫ్లీటోగెలో చెల్లదు. అదే పట్టాల మీద నడిచే మామూలు రీజనల్ రైళ్లలో, మీ జోన్లకి పాస్ ఉంటే, చెల్లుతుంది. ఇది తెలియక మొదటి నెల నేను ఫ్లీటోగె టికెట్లకి పోసిన డబ్బుతో మా ఆవిడకి మంచి చలికోటు వచ్చేది. ఆ మాట ఇప్పటికీ అంటూనే ఉంటుంది.

జనవరిలో ఒక ఉదయం చెప్తాను. మైనస్ 18. ప్లాట్‌ఫామ్ మీద ముప్ఫై మందిమి, ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టి గుచ్చుకుంటున్నాయి. బోర్డు మీద మా రైలు ఎదురుగా "ఇన్‌స్టిల్ట్" అని వచ్చింది. రద్దు అన్నమాట. ఎవరూ అరవలేదు, కనీసం నిట్టూర్చలేదు. పక్కనున్న పెద్దాయన ఫ్లాస్కు మూత తీసి కాఫీ పోసుకుని, నా మొహం చూసి, "బుస్ ఫోర్ టోగ్" అని మాత్రం అన్నాడు. రైలుకి బదులు బస్సు వస్తుందని. నార్వేజియన్‌లో నేను క్లాసుకి వెళ్లకుండా నేర్చుకున్న మొదటి మూడు మాటలు అవే. అందుకని వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకి రావాలో కంపెనీని ముందే అడగండి. రెండు రోజులైతే యెస్‌హైమ్ హాయి. ఐదు రోజులైతే లిల్లెస్ట్రోమ్ వైపు కూడా అద్దెలు చూడండి, అది దారిలోనే ఉంటుంది.

మొదటి ఏడాది అద్దెకే ఉండండి. ఒక చలికాలం గడిస్తే గానీ ఏ ఇల్లు మనకి సరిపడుతుందో తెలియదు. ఇళ్లన్నీ ఫిన్ సైట్‌లో దొరుకుతాయి. డిపాజిట్ ఓనర్ సొంత ఖాతాలో వేయకండి. దానికి మీ పేరు మీదే బ్యాంకులో విడిగా డిపాజిట్ ఖాతా తెరవాలి, చట్టం అదే. ఎక్కువలో ఎక్కువ ఆరు నెలల అద్దె, మామూలుగా మూడు నెలలది అడుగుతారు. మా మొదటి ఇంటాయన చాలా మర్యాదస్తుడు, "నా ఖాతాలో వేసేయండి, ఈజీగా ఉంటుంది" అన్నాడు. వేశాను. ఖాళీ చేశాక ఆ డబ్బు రాబట్టడానికి ఐదు నెలలు పట్టింది.

కొనే రోజు వస్తే, పైన పెద్దక్షరాల్లో ఉన్న ధర చూసి మురిసిపోవద్దు. బూరెత్స్‌లాగ్ అనే హౌసింగ్ సొసైటీ ఫ్లాట్లకి ఫెల్లెస్‌యెల్ అని ఉమ్మడి అప్పు ఉంటుంది. మీ వాటా అప్పు కూడా ధరలో భాగమే. దానికి కట్టాల్సింది నెల నెలా మెయింటెనెన్స్‌లో కలిపి వస్తుంది. కిందికి దిగి టోటల్‌ప్రిస్ అన్న అంకె చూడండి. సొంత పట్టా ఉన్న ఇంటికైతే ప్రభుత్వానికి 2.5 శాతం కట్టాలి, కొత్త ఫ్లాటుకి స్థలం విలువ మీదే ఆ లెక్క. వేలంలో మీరు పంపిన బిడ్ ఫోన్లోంచి వెళ్లినా సరే, కట్టుబడాల్సిందే. మనవైపులా "ఊరికే అడిగానండీ" అంటే కుదరదు.

ఇక్కడ ఇల్లు కొనేవాళ్లు రెండు మ్యాపులు చూడాలి. ఒకటి విమానాల శబ్దం మ్యాపు. రన్‌వేలు రెండూ ఉత్తర దక్షిణాలుగా ఉన్నాయి, వాటికి తిన్నగా ఉన్న ఇళ్లకి చప్పుడు ఎక్కువ, పక్కకి ఉన్నవాటికి తక్కువ. రెండోది బంకమట్టి మ్యాపు. దీనికి ఇక్కడ క్విక్‌లైరె అంటారు. మంచుయుగం అయిపోయిన కాలంలో ఈ నేల సముద్రం కింద ఉండేది. అప్పుడు పేరుకున్న మట్టిలో ఉప్పే రేణువుల్ని పట్టి ఉంచింది. వేల ఏళ్లుగా మంచినీరు ఆ ఉప్పుని కడిగేసింది. అలాంటి మట్టి కదిలితే గట్టి నేల కాస్తా మజ్జిగలా పారుతుంది. పక్క కొమ్యూన్ యెర్‌డ్రుమ్‌లో 2020 డిసెంబర్ 30 తెల్లవారుజామున అదే జరిగింది, ఇళ్లతో సహా జారిపోయి 10 మంది చనిపోయారు. భయపెట్టడానికి చెప్పడం లేదు, మేమూ ఇక్కడే ఉంటున్నాం. గార్డెర్మోన్ పరిసరాల్లో చాలాచోట్ల ఇసుక నేల. నీటి వనరులు, ఇంధనం చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌వీఈ మ్యాపులో అడ్రస్ కొడితే ప్రమాద ప్రాంతంలో ఉందో లేదో కనిపిస్తుంది, పైసా ఖర్చు లేదు. సంతకానికి ముందు ఆ ఐదు నిమిషాలు పెట్టండి.

పాప సంగతి. బార్నెహాగె, అంటే చిన్నపిల్లల డేకేర్, సీట్లకి అసలు అడ్మిషన్ చాలా కొమ్యూన్లలో మార్చి 1 గడువుతో ఒక్కసారే జరుగుతుంది. ఆగస్టులో దిగి అడిగితే మిగిలిన సీట్లే దిక్కు. ఇప్పుడే కొమ్యూన్‌కి మెయిల్ పెట్టి అడగండి. ఫీజుకి ప్రభుత్వం గరిష్ఠ పరిమితి పెట్టింది కాబట్టి అదేం టెన్షన్ కాదు. టెన్షన్ అంతా మీ ఆవిడకి మొదటి చలికాలంలో వస్తుంది. మధ్యాహ్నం పిల్లల్ని స్ట్రోలర్లలో ఉన్ని సంచుల్లో చుట్టి బయట, మంచు పక్కన నిద్రపుచ్చుతారు. మా ఆవిడ గేటు దగ్గర నిలబడి ఏడ్చింది. నెల తిరిగాక మా వాడు ఇంట్లో మంచం మీద నిద్రపోనని పేచీ పెట్టాడు.

కూరగాయలకి ఓస్లోలో గ్రోన్‌లాండ్ అనే పేటకి వెళ్లాలి. కరివేపాకు, పచ్చిమిర్చి, మన బియ్యం అన్నీ ఆ వీధుల్లోనే. ఆదివారం షాపులు దాదాపు అన్నీ మూసేస్తారు, శనివారమే పని కానివ్వండి. వసంతంలో, మే 17 జాతీయ దినానికి ముందు, బిల్డింగ్ వాళ్లంతా కలిసి ఆవరణ ఊడుస్తారు. డుగ్నాడ్ అంటారు, మన శ్రమదానమే. తప్పకుండా వెళ్లండి. పలకరింపుగా తల కూడా ఊపని పక్కింటాయన ఆ రోజు చీపురు చేతిలో పట్టుకుని అరగంట మాట్లాడతాడు. వేసవిలో నూర్‌బీష్యార్నె చెరువు ఉంది, పిల్లలు ఈత కొడతారు, చుట్టూ నడకదారి. తీరికున్న రోజు రాక్నెహౌగెన్ దిబ్బకి కూడా వెళ్లి రండి. పద్నాలుగు వందల ఏళ్లకు పైబడిన మట్టిదిబ్బ, 15 మీటర్ల ఎత్తు, లోపల చెట్టు దుంగలు పొరలు పొరలుగా పేర్చి ఉన్నాయి.

లగేజీ సర్దేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. మాంసం, పాలతో చేసినవి మన దేశం నుంచి తేకూడదు. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు నెయ్యి రెండు కేజీలు, కోడి పచ్చడి ఒక డబ్బా, పాలకోవా పట్టుకొచ్చింది. నేను ముందు చెప్పలేదు, తప్పు నాదే. కస్టమ్స్ అమ్మాయి ఎంతో నెమ్మదిగా మూడూ తీసి పక్కన పెట్టింది. నెయ్యి ఎందుకు వద్దంటున్నారో అమ్మకి వివరించేసరికి నాకు చెమటలు పట్టాయి. ఆవకాయ సీసా మాత్రం వెనక్కి ఇచ్చారు. మీరు రెండు సీసాలు తెచ్చుకోండి, గట్టిగా టేపు చుట్టి.