20 నెలల పాపతో చిత్తూరు నుంచి డాలస్‌కు

చిత్తూరు నుంచి ఒక చెల్లెలు అడిగింది: "అక్కా, దసరా అయ్యాక పాపతో డాలస్‌కు, మా ఆయన దగ్గరికి వెళ్తున్నాను. అప్పటికి పాపకు 20 నెలలు నిండుతాయి. విమానం ఎక్కడం నాకే మొదటిసారి, అదీ ఒక్కదాన్నే. టికెట్ ఇంకా కొనలేదు. దారిలో పాప ఏడిస్తే ఏం చెయ్యాలో తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది."

అమ్మా, నాది తిరుపతి, కొర్లగుంట. మా అబ్బాయికి ఏడాదిన్నర ఉన్నప్పుడు వాణ్ణి చంకనేసుకుని నేనూ ఇలాగే మద్రాసులో ఒంటరిగా ఎక్కాను. వాడిప్పుడు కాలేజీలో ఉన్నాడు. ఆ ప్రయాణం మాత్రం నాకు గంట గంటా గుర్తుంది. ఏడుపు సంగతి తర్వాత. టికెట్ కొనలేదన్నావు చూడు, అది మంచిదైంది. సగం కష్టం అక్కడే తప్పించుకోవచ్చు.

రెండేళ్లు నిండని బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుంటే విదేశీ ప్రయాణాల్లో చాలావరకు పెద్దల చార్జీలో పదో వంతు తీసుకుంటారు. రెండో పుట్టినరోజు దాటితే సీటు కొనాల్సిందే. రానూ పోనూ కలిపి కొంటే తిరుగు తేదీ చూసుకో. ఆరు నెలలకు తిరిగొచ్చేసరికి పాపకు 26 నెలలు, సీటు తప్పదు. వెళ్లేటప్పుడు కూడా కొనమనే నేను చెప్తాను. దుబాయ్ నుంచో దోహా నుంచో డాలస్‌కు దాదాపు 16 గంటలు. అంతసేపు బిడ్డ ఒళ్లో ఉంటే నీ అన్నం ప్లేటుకు కూడా చోటుండదు. ముందు వరుసలో గోడకు తగిలించే తొట్టి ఇస్తారులే అనుకోకు. దాని బరువు హద్దు ఎక్కువగా 10, 11 కిలోల దగ్గరే ఉంటుంది, నడిచే వయసు పిల్లలకు పొడవూ చాలదు. కుదుపులొస్తే నిద్రలో ఉన్న బిడ్డను కూడా తీసి ఒళ్లో పెట్టుకోమంటారు. నగకో చీరకో పక్కన పెట్టిన డబ్బుంటే ఆ సీటు మీద పెట్టు.

రెండోది, దారిలో విమానం మారే చోట టైమ్. నేను 70 నిమిషాల గ్యాప్ ఉన్న టికెట్ కొన్నాను, త్వరగా చేరిపోతాం కదా అని. మొదటి విమానం ఆలస్యమైంది. విమానం తలుపు దగ్గర ఇస్తామన్న స్ట్రోలర్ (పిల్లల్ని తోసుకెళ్లే బండి) అక్కడికి రాలేదు. ఒక భుజాన సంచి, ఒక చంకన పిల్లాడు, అంత పెద్ద ఎయిర్‌పోర్టులో పరుగు. వాడు వాంతి చేసుకుంటే తుడవడానికి కూడా ఆగలేదు. ఆ చొక్కాతోనే వాడు తర్వాతి విమానంలో కూర్చున్నాడని ఇప్పుడు తలుచుకున్నా నాకు కడుపులో దేవినట్టవుతుంది. నువ్వు మూడు, నాలుగు గంటలు ఉండేలా చూసుకో. పాపను కింద వదిలి నడిపించు, కాళ్లు అలసిపోవాలి, అప్పుడే తర్వాతి విమానంలో నిద్రపోతుంది. ఇంకొకటి, అమెరికాలో వేరే ఊళ్లో దిగి మారే టికెట్ వద్దు. మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్, అక్కడే పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటి మళ్లీ అప్పగించాలి. చంకలో బిడ్డతో అది నీ వల్ల కాదు.

బెంగళూరులో విమానం ఎక్కితే, చిత్తూరు నుంచి వెళ్లే దారిలో వచ్చే మొగిలి ఘాటు మలుపులకు ముందు కడుపునిండా పాలు పట్టకు, పలమనేరు దాటాక పట్టు.

ఇప్పుడు ఏడుపు. విమానం పైకి లేచేటప్పుడు, అంతకన్నా ఎక్కువగా దిగేటప్పుడు చెవుల్లో ఒత్తిడి పెరిగి నొప్పి పుడుతుంది. మింగుతుంటే చెవి నాళం తెరుచుకుని సర్దుకుంటుంది. రొమ్ము పాలో, సీసానో, స్ట్రా కప్పులో నీళ్లో ఏదైనా సరే, దిగడం మొదలవగానే పట్టు. ఆ టైముకు నిద్రపోతుంటే లేపు. పాపకు జలుబు చేసి ఉంటే ప్రయాణానికి ముందే డాక్టరుకు చూపించు.

ఎవరో ఒకరు తప్పకుండా చెప్తారు, "నిద్ర సిరప్ ఒక మూత పోయి, హాయిగా పడుకుంటుంది" అని. మా అత్తవైపు వాళ్లు నాకూ చెప్పారు. పొయ్యొద్దమ్మా, దండం పెట్టి చెప్తున్నాను. అలాంటి సిరప్‌లలో ఉండే ప్రోమెథజీన్ అనే మందు రెండేళ్ల లోపు పిల్లలకు ఇస్తే ఊపిరి మందగించి ప్రాణం మీదికి రావచ్చని అమెరికాలో మందులను పర్యవేక్షించే ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరిక పెట్టింది. ఆకాశంలో డాక్టరును ఎక్కడ వెతుకుతావు? పాప అరగంట ఏడవనీ. చుట్టూ ఉన్నవాళ్లలో పిల్లల్ని పెంచినవాళ్లే ఎక్కువ.

తిండికి మన రాగిపిండిని మించింది లేదు. వేయించి సన్నగా జల్లించిన పొడి డబ్బాలో తెచ్చుకుని వేడినీళ్లు అడుగు, ఇస్తారు. ద్రవాలకు ఉన్న 100 మిల్లీలీటర్ల హద్దు దారిలో బిడ్డకు కావాల్సిన పాలకు, ఆహారానికి వర్తించదు, చెకింగ్ దగ్గర బయటికి తీసి చూపిస్తే చాలు.

పుట్టువెంట్రుకల మొక్కు ప్రయాణానికి ముందే తిరుమలలో తీర్చుకుంటారేమో. వీసా ఫోటోలో జుట్టుంది, ఇప్పుడు గుండుంది అని భయపడకు. మా వాడిదీ అంతే, ఆఫీసరు ముఖం చూసి పంపించేశాడు. గుండు పిల్లలకు విమానంలో చలి బాగా తగులుతుంది, రెండు నూలు టోపీలు చేతిసంచిలోనే ఉంచు. ప్రసాదంతో పాటు ఎండు కొబ్బరి చిప్పలు పెద్ద పెట్టెలో సర్దొద్దు, చెకిన్ సామానులో ఒప్పుకోరు. పచ్చి కరివేపాకు అమెరికాలోకి రానివ్వరు.

పాప తండ్రి సంతకంతో "నా భార్యతో బిడ్డ ప్రయాణానికి నాకు సమ్మతమే" అన్న కాగితం, జనన ధ్రువపత్రం పాస్‌పోర్టులతో కలిపి పెట్టుకో.

మీ ఆయనకు ఈ మాట ఇవాళే చెప్పు. పిల్లల్ని కూర్చోబెట్టే కారు సీటు కొని, బిగించి, కారులో పెట్టుకునే ఎయిర్‌పోర్టుకు రావాలి. అమెరికాలో పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కారులో వెళ్లడం చట్టవిరుద్ధం. 20 నెలల పిల్లకు సీటు వెనక్కి తిరిగి ఉండేలా బిగించాలి. మీరు వచ్చే లోపలే అది బిగించడం నేర్చుకోమను.

మొదటి వారం పాప రాత్రి రెండింటికి లేచి ఆడుకుంటుంది. దసరా తర్వాత చలికాలం టైమ్ మొదలైతే ఇండియా డాలస్ కంటే పదకొండున్నర గంటలు ముందుంటుంది కాబట్టి ఇండియాలో అది మధ్యాహ్నమే. లైట్లు వెయ్యకు, ఫోను చూపించకు, కాస్త జావ పట్టి పక్కన పడుకో. పొద్దున ఎండ రాగానే ఇద్దరూ బయటికి నడవండి. ఆ మొదటి వారం ఇంటి పనంతా మీ ఆయనే చూసుకోవాలని ముందే మాట తీసుకో.